లివర్ అన్నారు, పోలియో అన్నారు: ఒక డుషెన్ కేసు

2019 జులైలో, సింహాచలం గిరిప్రదక్షిణ అయిన వారంలో ఈ కుటుంబం మా క్లినిక్‌కు వచ్చింది. బాబుకు అప్పటికి 5 ఏళ్ల 8 నెలలు. ఇక్కడ వాడిని చిన్నా అంటాను. అమ్మానాన్నలు ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

తండ్రిది గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని. తల్లి ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఆయన ఆమెకు సొంత మేనత్త కొడుకు. చిన్నాకు రెండేళ్ల చెల్లెలుంది. తండ్రి మొక్కు ఉండి ఆ ఏడు 32 కిలోమీటర్లూ కాలినడకన కొండ చుట్టి వచ్చారు. మొక్కు లివర్ బాగుపడాలని.

ఫైలు చాలా లావుగా ఉంది. ఎనిమిది నెలల కింద జ్వరం వస్తే ఎక్కడో రక్త పరీక్ష చేశారు. లివర్ పరీక్షల్లో చూసే ఎంజైములు రెండూ ఎక్కువ: ఎస్‌జీఓటీ 240, ఎస్‌జీపీటీ 310. అప్పటి నుంచి లివర్ టానిక్కులు, హెపటైటిస్ పరీక్షలు, రెండు స్కానింగులు. మధ్యలో ఊరికి తీసుకెళ్లి పసరు మందు పోయించారు. నూనె, నెయ్యి, గుడ్డు మానేసి పథ్యం. ఎన్ని చేసినా ఆ రెండు అంకెలు దిగలేదు. లివర్ నుంచి ముక్క తీసి చూద్దామని ఒకచోట అన్నారట. దానికి భయపడి నా దగ్గరకు వచ్చారు.

"నీరసంగా ఉంటున్నాడు మేడమ్. మెట్లు ఎక్కమంటే ఎత్తుకోమంటాడు. లివర్ నీరసమేనా?" అంది తల్లి.

కాగితాలు తిరగేస్తుంటే రెండు విషయాలు కనిపించాయి. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ ఒక్కసారి కూడా పెరగలేదు. జీజీటీ అనే ఇంకో లివర్ పరీక్ష పూర్తిగా నార్మల్. అది ఆ ఫైలులోనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు.

అంతలో చిన్నా చేతిలోని స్కెచ్ పెన్ను కింద పడి బల్ల కిందకు దొర్లింది. వాడు కుర్చీ దిగి, కింద కూర్చుని తీసుకున్నాడు. లేవడం మాత్రం మామూలుగా లేదు. ముందు బోర్లా తిరిగాడు. రెండు చేతులూ నేల మీద ఆన్చి పిర్రలు పైకెత్తాడు. ఒక చెయ్యి మోకాలి మీద వేశాడు, తర్వాత రెండోది. ఆ చేతుల్నే తొడల మీదుగా పైకి జరుపుకుంటూ, తన ఒంటిని తానే ఎక్కుతున్నట్టుగా నిలబడ్డాడు. ఆరు సెకన్లు పట్టింది. పెన్ను నోట్లో పట్టుకున్నాడు, చేతులు ఖాళీ లేవు కదా. దీన్ని గోవర్స్ గుర్తు అంటారు. తుంటి, తొడ కండరాల్లో బలం తగ్గిన పిల్లలు ఇలాగే లేస్తారు.

నిక్కరు పైకి జరిపి పిక్కలు పట్టుకుని చూశాను. వయసుకు మించిన లావు, రబ్బరు ముద్దల్లా గట్టిగా ఉన్నాయి. "పహిల్వాన్ పిక్కలండీ వీడివి" అన్నారు తండ్రి ముచ్చటగా. ఆ మాటకు ఏం జవాబివ్వాలో ఆ నిమిషంలో నాకు తోచలేదు.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ లివర్‌లోనే కాదు, కండరాల్లోనూ ఉంటాయి. కండరం చితికితే అవి రక్తంలోకి వచ్చేస్తాయి. అది లివర్‌దా కండరానిదా తేల్చడానికి సీపీకే అనే ఒక్క పరీక్ష చాలు, ఖర్చు కొన్ని వందల రూపాయలు. ఆ సాయంత్రమే చేయించాను. 14,600 వచ్చింది. ఆ వయసు పిల్లల్లో 200 దాటితేనే ఎందుకని ఆలోచిస్తాం.

పిల్లల వైద్యులైన మిత్రులకు ఒక్క మనవి. కామెర్లు లేకుండా ఎస్‌జీపీటీ పెరిగిన మగపిల్లాడు కనిపిస్తే, బయాప్సీ మాట ఎత్తకముందే వాడిని నేల మీద కూర్చోబెట్టి లేవమనండి, సీపీకే రాయండి. చిన్నా విషయంలో పోయిన ఎనిమిది నెలల్లో పథ్యం పేరుతో వాడికి తిండి కూడా పోయింది.

నెల రోజుల్లో జన్యు పరీక్ష రిపోర్టు వచ్చింది: డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ, అంటే కండరాలు మెల్లగా క్షీణించడం. మగపిల్లల్లో దాదాపు 3,500 నుంచి 5,000 మందిలో ఒకరికి వచ్చే జబ్బు. కండరం ముడుచుకుని చాచుకునేటప్పుడు దాని పొరను చిరగకుండా కాపాడే ప్రొటీన్ పేరు డిస్ట్రోఫిన్. దాన్ని తయారుచేసే జన్యువులో 79 ముక్కలుంటాయి, ఎక్సాన్లు అంటాం. చిన్నాలో 48, 49, 50 లేవు.

"79లో మూడు పోతే అంత నష్టమా?" అని అడిగారు తండ్రి. ప్రతి ముక్క అంచూ పక్క ముక్క అంచుతో అతకాలని, 47 చివర 51 మొదలుతో కుదరక ప్రొటీన్ తయారీ అక్కడితో ఆగిపోతుందని కాగితం మీద గీసి చూపించాను. ఆయన ఆ గీతను చాలాసేపు చూశారు. "అంటే థ్రెడ్డు కలవలేదండీ. బోల్టు మంచిదే, నట్టు మంచిదే. థ్రెడ్డు వేరు" అన్నారు. అప్పటి నుంచి ఈ జబ్బు గురించి చెప్పాల్సి వస్తే ఆయన మాటే వాడుతున్నాను.

ఎవరి వైపు నుంచి

ఇక్కడ నా వల్ల ఒక తప్పు జరిగింది.

రిపోర్టు వచ్చిన రోజు నానమ్మ కూడా వచ్చింది. అంటే తల్లికి అత్తగారు, సొంత మేనత్త. అందరి నోటా ఒకటే మాట: మేనరికం చేసుకున్నాం, అందుకే ఇలా అయింది. విశాఖలోనూ శ్రీకాకుళం వైపూ పిల్లలకు ఏ జన్యు జబ్బు వచ్చినా ముందు వినిపించే మాట ఇదే. చాలా జబ్బుల్లో అందులో నిజం ఉంది. డుషెన్‌లో లేదు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. కొడుక్కి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది, తండ్రి ఇచ్చేది వై. బావనే కాదు, ముక్కూ మొహం తెలియని ఏ ఊరి అబ్బాయిని చేసుకున్నా ఈ లోపం ఇలాగే దిగేది.

వాళ్ల మనసులో బరువు దించుదామని ఇదంతా అందరి ముందూ చెప్పాను. బరువు దిగలేదు, అంతా ఒకరి నెత్తిన పడింది. మేనరికం అనుకున్నంతసేపూ అది రెండు వైపుల తప్పు. నేను చెప్పాక ఒక్కరి తప్పయింది. "అయితే మీ అమ్మ కాడి నుంచి వచ్చిందన్నమాట" అంది నానమ్మ. కోపంగా కాదు, లెక్క తేలినట్టు అంది. తల్లి ఏమీ అనలేదు. ఒళ్లోని పాప జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి ఎక్స్ సంగతి ముందు తల్లితో ఒంటరిగా మాట్లాడుతున్నాను. ఇది ఆమె చేసింది కాదని, ఆమెకు తెలిసే వీలు లేదని, డుషెన్‌లో దాదాపు మూడో వంతు తల్లిలో లోపమే లేకుండా కొత్తగా పుడుతుందని చెప్పి, ఇంట్లో ఎవరికి ఎలా చెప్పాలో ఆమెనే అడుగుతున్నాను.

పది రోజుల తర్వాత ఆమె తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. అమ్మమ్మది నరసన్నపేట దగ్గర పల్లె. మొదటి విజిట్‌లో "మీ ఇళ్లల్లో ఇలాంటిది ఎవరికైనా ఉందా?" అంటే అందరూ లేదన్నారు. ఈసారి ప్రశ్న మార్చాను. "మీ పిల్లల్లో ఎవరైనా చిన్నతనంలో పోయారా?"

"పెద్దోడు పోనాడమ్మా. పదిహేడేళ్లకి. ఆడికి పోలియో."

"జ్వరం వచ్చి ఒక్కసారిగా కాలు పడిపోయిందా?"

"నేదమ్మా. బాగానే నడిసీవోడు. ఏడేళ్లొచ్చీసరికి ఊరికే పడిపోతుండీవోడు. పదేళ్లకి మరి లెగనేదు."

పోలియో అలా రాదు. జ్వరంతో వచ్చి, రోజుల్లో ఒక కాలినో చేతినో దెబ్బతీసి అక్కడితో ఆగుతుంది. ఏళ్ల తరబడి రెండు కాళ్లలోనూ మెల్లగా పెరగదు. కానీ ఆ రోజుల్లో పల్లెల్లో పిల్లాడి కాళ్లు పడిపోతే దానికున్న పేరు పోలియో ఒక్కటే. మనది 2014లో పోలియో లేని దేశమైంది కానీ, ఆ పేరు కింద దాగిపోయిన పాత జబ్బులు చాలా ఇళ్లల్లో ఇంకా అలాగే ఉన్నాయి. ఆ అబ్బాయిని ఈ ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. నేనడిగిన "ఇలాంటిది"లోకి అతను వస్తాడని ఎవరికీ తట్టలేదు, అంతే.

ఫొటో ఉందా అని అడిగాను. తర్వాతి వారం తెచ్చారు. స్టూడియోలో తీయించింది, వెనక రంగుల తెర మీద కొండలూ సరస్సూ. ఏడేళ్ల పిల్లాడు నీలం నిక్కరు వేసుకుని నిలుచున్నాడు. పొట్ట ముందుకు, భుజాలు వెనక్కి. మడమలు నేలకు సరిగ్గా ఆనలేదు. పిక్కలు చిన్నా పిక్కల్లాగే ఉన్నాయి. నేను వేలు పెట్టి చూపించాల్సిన అవసరం రాలేదు.

ఆ రోజు నానమ్మ కూడా ఉంది. ఫొటో చేతిలోకి తీసుకుని, "నా మేనల్లుడు. మూడేళ్లు నేనే ఎత్తుకుని బడికి దింపేదాన్ని" అంది. పెళ్లయి విశాఖ వచ్చాక కూడా పుట్టింటికి వెళ్లినప్పుడల్లా వాడిని చంకన వేసుకునే తిరిగేదట. కోడలి వైపు నుంచి వచ్చిందన్న జబ్బు తను ఎత్తుకు పెంచిన పిల్లాడిదేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత "మీ అమ్మ కాడి నుంచి" అన్న మాట నేను మళ్లీ వినలేదు.

అన్నకూ కొడుక్కీ ఉందంటే తల్లి వాహకురాలని, అంటే తనకు జబ్బు కనిపించకుండానే లోపాన్ని మోస్తోందని, పరీక్ష చేయకుండానే తేలిపోయింది, అమ్మమ్మ కూడా. అప్పుడు గుర్తొచ్చింది తల్లికి, తన చెల్లెలు ఎనిమిది వారాల గర్భిణి అని. ఆమె వాహకురాలు అయ్యే అవకాశం సగం. నేను నేరుగా ఫోన్ చేయకూడదు, ఆమె నా పేషెంటు కాదు. అక్కే చెప్పాలి. రెండు రోజులు ఫోన్ పట్టుకుని కూర్చుందట, చెల్లెలి అత్తారింట్లో తెలిస్తే ఏమవుతుందోనని. చివరికి "పుట్టింటికి ఒకసారి రా" అని పిలిచి చెప్పింది. ఏ ముక్కలు లేవో ముందే తెలుసు కాబట్టి పరీక్ష సులువు. పదో వారంలో రిపోర్టు వచ్చింది: ఆమెలో లోపం లేదు. ఉండి ఉంటే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే వీలుంది. లింగనిర్ధారణ మీద 1994 చట్టం ఎంత కఠినమైనదైనా, ఇలా ఎక్స్‌తో వచ్చే జబ్బులకు రిజిస్టరైన కేంద్రాల్లో గర్భంలో పరీక్ష చేయడాన్ని అనుమతిస్తుంది. ఈ సంగతి తెలియక భయపడే కుటుంబాలను చాలా చూశాను.

చిన్నా చెల్లెలికీ పరీక్ష చేయమని తండ్రి గట్టిగా అడిగారు. చేయనన్నాను. ఆ పాపకు లోపం ఉండే అవకాశం సగమే, ఉన్నా చిన్నతనంలో దాంతో చేసే వైద్యం ఏమీ లేదు. పెళ్లి సంబంధాల వయసు వచ్చేదాకా "వాహకురాలు" అనే పేరు మోయడం తప్ప ఆమెకు ఒరిగేది లేదు. పెద్దయ్యాక తెలుసుకోవాలో వద్దో ఆమే చెబుతుంది. తల్లికి మాత్రం గుండె ఎకో రాశాను. వాహకులైన ఆడవాళ్లలో కొందరికి గుండె కండరం బలహీనపడుతుంది, అది చూసుకోవాలని చాలామందికి ఎవరూ చెప్పరు.

మందులు

డెఫ్లజాకార్ట్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టాం, కిలోకు రోజుకు 0.9 మిల్లీగ్రాముల లెక్కన. 17 కిలోల పిల్లాడికి 6 మిల్లీగ్రాముల మాత్రలు రెండున్నర. మొదలుపెట్టే ముందే మిగిలిపోయిన టీకాలు, ముఖ్యంగా ఆటలమ్మ టీకా పూర్తి చేశాం. స్టెరాయిడ్ జబ్బును తగ్గించదు, నడక పోయే రోజును కొన్నేళ్లు వెనక్కి నెడుతుంది. నేల మీద నుంచి లేవడానికి ఆరు సెకన్లు పట్టేది ఆరు నెలలకు నాలుగున్నరకు వచ్చింది. ఇంట్లో అందరూ జబ్బు తగ్గుతోందనుకున్నారు. కాదని ప్రతి విజిట్‌లోనూ చెప్పాల్సి వచ్చింది, చెప్పిన ప్రతిసారీ కష్టంగానే ఉండేది.

2020 ఏప్రిల్, లాక్‌డౌన్. చిన్నాకు రెండు రోజులుగా వాంతులు. మూడో రోజు పొద్దున తల్లి ఫోన్ చేసింది, పిల్లాడు మగతగా ఉన్నాడు, పిలిస్తే సరిగ్గా పలకడం లేదని. మాత్రలు వేస్తున్నారా అని అడిగాను.

"లేదు మేడమ్. అన్నం తిన్నాకే వేయమన్నారు కదా. తినడం లేదు, అందుకే వెయ్యలేదు."

అన్నం తిన్నాకే అని చెప్పింది నేనే. నెలల తరబడి స్టెరాయిడ్ వాడే ఒంట్లో అడ్రినల్ గ్రంథి సొంతంగా పనిచేయడం తగ్గిస్తుంది. మందు ఒక్కసారిగా ఆగితే బీపీ, షుగరు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. ఫైలులో ఇంగ్లిష్‌లో రాశాను ఆ మాట. నోటితో తెలుగులో చెప్పలేదు. దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లమని చెప్పి, డ్యూటీ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, గ్లూకోజు ఇప్పించాను. సాయంత్రానికి లేచి కూర్చుని బిస్కెట్ అడిగాడు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు.

అప్పుడు తయారైంది ఈ కార్డు. నా దగ్గరకు వచ్చే ప్రతి డుషెన్ కుటుంబానికీ లామినేషన్ చేయించి ఇస్తున్నాను, ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లిష్:

"ఈ బాబు రోజూ స్టెరాయిడ్ వాడుతున్నాడు. ఒక్క రోజు కూడా ఆపకూడదు. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. మత్తు ఇవ్వాల్సి వస్తే సక్సినైల్‌కోలిన్ వాడకూడదు. ఎస్‌జీపీటీ ఎక్కువగా ఉంటుంది, అది కండరానిది, లివర్‌ది కాదు."

చివరి వాక్యం రాయమన్నది తల్లి.

ఫిజియోథెరపీ గురించి రెండు ముక్కలే. రోజూ మడమ వెనక స్నాయువును (పిక్క కండరాన్ని మడమకు కలిపేది) మెల్లగా సాగదీయాలి, రాత్రి స్ప్లింట్లు వేయాలి. బలం పెరగాలని బస్కీలు, మెట్లు, గెంతడం చేయిస్తే ఉన్న కండరం ఇంకా చితుకుతుంది. తెలిసిన ఒక మాస్టారు మంచి మనసుతోనే నెల రోజులు ఎక్సర్‌సైజులు చేయించారు. ఒక సాయంత్రం చిన్నాకు మూత్రం కాఫీ రంగులో వచ్చింది. అది చితికిన కండరం రంగు. అంతటితో మాన్పించాం. వాళ్లు రెండో అంతస్తు నుంచి కింది వాటాకు మారారు, స్కూల్లో క్లాసు కూడా కిందికి మార్చారు.

ఇంటర్నెట్‌లో కనిపించే మందుల గురించి తండ్రి వచ్చినప్పుడల్లా అడుగుతారు, అడగాల్సిందే. ముందుగా "16 కోట్ల ఇంజెక్షన్". అది ఎస్‌ఎంఏ అనే వేరే జబ్బుకు, ఆ జన్యువే వేరు. చిన్నాలాంటి లోపానికి 51వ ముక్కను కూడా దాటించి థ్రెడ్డు కలిపే మందుకు 2016లో అమెరికా షరతులతో అనుమతిచ్చింది. దాంతో తయారయ్యే డిస్ట్రోఫిన్ చాలా కొద్ది. 2023 జూన్‌లో ఎలెవిడిస్ అనే జీన్ థెరపీ వచ్చింది, ధర 32 లక్షల డాలర్లు, అప్పటి లెక్కన సుమారు 26 కోట్లు. చందాలు పోగుచేద్దామని చుట్టాలు వాట్సాప్ గ్రూపు పెట్టారు. నేను ఆపలేదు, కానీ ఇల్లు అమ్మొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. 2025లో నడక పోయిన ఇద్దరు అబ్బాయిలు ఆ మందు తర్వాత లివర్ దెబ్బతిని చనిపోయారు, నడవలేని పిల్లలకు దాన్ని ఇవ్వడం ఆపేశారు. ఆ వార్త నాకు పంపింది తండ్రే. కింద ఏమీ రాయలేదు.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ కలిసి ఒక కేంద్రంగా ఉన్నాయి. అక్కడ పేరు నమోదు చేయించాం. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు స్లాట్ దొరకడమే పెద్ద పని, సచివాలయానికి తండ్రి నాలుగుసార్లు పని మానుకుని తిరిగారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో కండరాల క్షీణత ఒకటి. రాష్ట్ర పెన్షన్ 2024 జులై నుంచి వికలాంగులకు నెలకు 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన తీవ్ర కండర క్షీణతకు 15,000. నా అనుభవంలో ఈ కాగితాల పని కూడా వైద్యంలో భాగమే, డాక్టరు సర్టిఫికెట్‌లో ఒక్క మాట తేడా రాసినా కుటుంబం ఇంకో రెండు నెలలు తిరగాలి.

చిన్నా అడిగింది

పదేళ్లు నిండాక, ఎకో నార్మల్‌గానే ఉన్నా, గుండెను కాపాడటానికి ఎనలాప్రిల్ మొదలుపెట్టాం. కొత్త మాత్ర ఎందుకని అడిగాడు. గుండె కూడా కండరమే అన్నాను. కాసేపు ఆలోచించి, "మావయ్యకీ ఇదేనా?" అన్నాడు. ఫొటో ఇంట్లో గోడకు ఉంది.

అడిగిన రోజు అబద్ధం చెప్పకూడదని అమ్మానాన్నలతో ముందే అనుకున్నాం. తల్లి వైపు చూశాను, ఆమె తల ఊపింది.

"అవును నాన్నా, ఇదే."

"మావయ్య ఎన్నేళ్లకి చనిపోయాడు?"

"పదిహేడు. అప్పుడు ఈ మాత్రలు ఇవ్వలేదు, గుండె మందు లేదు, రాత్రి ఊపిరికి సాయం చేసే మిషన్ లేదు. ఇప్పుడు ఇవన్నీ ఉన్నాయి. వీటితో ముప్పై ఏళ్ల దాకా, ఇంకా పైన కూడా ఉంటున్నవాళ్లున్నారు."

"మావయ్యకి చక్రాల కుర్చీ ఉండేదా?"

"లేదు. మీ నానమ్మ ఎత్తుకునేది."

నానమ్మ వైపు తిరిగాడు. "నీ నడుం నొప్పి అందుకేనా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. వాడు నమ్మలేదు. బయటికి వెళ్లేటప్పుడు ఆమె ఎత్తుకోబోతే, వద్దని గోడ పట్టుకుని తనే నడిచాడు.

2025 జూన్‌లో, 11 ఏళ్ల 7 నెలలకు, నడక ఆగింది. మేనమామ పదేళ్లకే ఆగిపోయాడు.

చివరి విజిట్ నోట్: బరువు 38 కిలోలు. ఎకో నార్మల్. ఊపిరితిత్తుల సామర్థ్యం 74 శాతం, ఆరు నెలల కింద 79. పొద్దున తలనొప్పి లేదు, నిద్ర బాగానే ఉందంటాడు, అయినా రాత్రి ఆక్సిజన్ రికార్డింగ్ చేయించాలి. వెన్ను ఎడమకు కొద్దిగా ఒంగడం మొదలైంది, ఎక్స్‌రే. ఫ్లూ టీకా వేశాం. పెన్షన్ మార్పిడికి కొత్త సర్టిఫికెట్ రాసిచ్చాను. కుర్చీ ఎడమ చేతి ఆనుడు రెండు వేళ్లు ఎత్తు పెరగాలి. కొలత తండ్రి తీసుకున్నారు, ముక్క లేత్ మీద తనే చేసి తెస్తానన్నారు.